యుద్ధమునుండి కాలినడకను ఇంటికి

1948వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీని అమెరికాలో జార్జియా రాష్ట్రమందలి ఓగ్లెథార్ప్ అను కొండమీదనుండి ఒక యువకుడు ఉత్తరదిక్కునకు నడక మొదలిడెను. ఆతని పేరు ఎర్ల్ షాఫర్; పెన్సిల్వేనియావాడు; వయస్సు ఇరువది తొమ్మిదేండ్లు. రెండవ ప్రపంచయుద్ధములో పసిఫిక్ సముద్రపు దీవులయందు సైన్యపు సమాచార విభాగమున పనిచేసి వచ్చినవాడు. యుద్ధము ముగిసిన పిదప తానును, తన ప్రియమిత్రుడగు వాల్టర్ వైన్‌మిల్లరును కలసి ఆ కొండబాటను మొదలునుండి తుదవరకు నడువవలెనని పూర్వమే అనుకొనియుండిరి. ఆ మిత్రుడు ఇవోజిమా దీవిలో కూలిపోయెను. షాఫర్ ఒంటరిగా బయలుదేరెను. సైన్యమును తన ఒంటినుండి నడచి వదిలించుకొనుటకే ఈ ప్రయాణమని యాతడు చెప్పుకొన్నాడు. యుద్ధకాలమున పట్టించుకొను దిక్కులేక బాట చాలచోట్ల పొదలతో కప్పబడి, గుర్తులు చెరిగి, కానరాకుండ పోయియుండెను. అయినను 124 దినములు నడచి ఆగస్టు 5వ తేదీని మెయిన్ రాష్ట్రమందలి కటాడిన్ శిఖరము చేరెను. ఆ బాటను ఒకే ప్రయాణములో పూర్తిచేసినట్లు లెక్కకెక్కిన మొదటివాడాతడే. బాటను పోషించు సంఘమువారు మొదట ఆతని మాట నమ్మలేదు. దినచర్య పుస్తకమును, ఛాయాచిత్రములను చూపిన మీదటగాని నమ్మరైరి.

దానినే అపలాచియన్ బాట యందురు. నేడది జార్జియాలోని స్ప్రింగర్ కొండనుండి కటాడిన్ వరకు, 14 రాష్ట్రములగుండ, ఇంచుమించు 2,190 మైళ్లు కొండల వెన్నుమీదుగా సాగును. చెట్ల మానులపై రెండంగుళముల వెడల్పున, ఆరంగుళముల పొడవున దిద్దిన తెల్లరంగు గీతలే దారి చూపును. రాత్రి తలదాచుకొనుటకు 250కి పైగా చావడులు గలవు, చావడి యనగా మూడుప్రక్కల గోడ, నాల్గవప్రక్క బయలు, క్రింద పలకలు, పైన కప్పు, అంతే. ఒకే ఏట తుదిముట్ట నడువబూనువారికి ఐదారు నెలలు పట్టును. బూనినవారిలో నలుగురికొక్కరు మాత్రమే తుద చేరుదురు.

ఈ బాట పుట్టుకయందే ఒక దుఃఖచ్ఛాయ కలదు. దీనిని మొట్టమొదట సంకల్పించినవాడు బెంటన్ మెకే యను అటవీశాస్త్రజ్ఞుడు. ఆతని భార్య స్త్రీల ఓటుహక్కునకును, శాంతికిని పాటుపడిన విదుషి. 1921 ఏప్రిలులో మనోవ్యాధివలన నదిలో పడి ప్రాణము తీసికొనెను. ఆ వేసవిలోనే మెకే ఒక మిత్రుని ఆశ్రయమున నుండి ఈ బాట ప్రణాళికను వ్రాసెను. అది అక్టోబరులో ప్రకటింపబడెను. చిత్తము చెడినవారికి పట్టణముల ఆసుపత్రులకంటె ఈ కొండగాలియే మేలు చేయునని అందు ఒక ముక్క గలదు. అది తన యింటి శోకమునుండి పుట్టిన మాటయని వేరుగా చెప్పనక్కరలేదు. ప్రణాళికలో తక్కిన శిబిరములు, గ్రామములు కాగితముమీదనే నిలిచిపోయినవి. బాట మాత్రము 1937 నాటికి కొనసాగెను.

ఒక మే మాసమున, ఉత్తర వర్జీనియాలో కాపురమున్న మా బంధువుల యింట దిగి, అచ్చటినుండి ఈ బాటలో ఒక ముక్కను నడచు అవకాశము మాకు లభించెను. రోనోక్ పట్టణమునకు పడమటనున్న క్రెయిగ్ వాగు దాపున బయలుదేరి, బ్రష్ కొండ యెక్కి, డ్రాగన్స్ టూత్ అను రాతికొమ్ముమీదుగా మెకాఫీ నాబ్ వరకు మూడురాత్రుల ప్రయాణము. వీపున మూట, మూటలో అటుకులు, చింతపండు పొడి, గుడారము. కొండల అందమును వర్ణించుటకు మేమీ వ్యాసము వ్రాయుట లేదు. అది పద్యము వ్రాయగలవారి పని. మాకు దారిలో కనబడిన మనుష్యులను గూర్చి వ్రాయుదుము. వారిలో నలుగురికొక్కడు ఏదో ఒక యుద్ధమునుండి వచ్చినవాడుగా మాకు తోచెను.

బ్రష్ కొండపై, బాట ప్రక్కనే, ఒక రాతిఫలకము కలదు. అది ఆడీ మర్ఫీ స్మారకము. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైనికులలో మిక్కిలి హెచ్చు పతకములు పొందినవారిలో ఆతడొకడు. టెక్సాసులో నిరుపేద కౌలుదారు బిడ్డ. 1945 జనవరిలో ఫ్రాన్సునందు ఒంటరిగా శత్రుసేనను నిలువరించి ఆ దేశపు అత్యున్నత వీరపతకము నందుకొనెను. పిదప చలనచిత్రములలో నటుడై, 1955లో తన కథను తానే వెండితెరపై అభినయించెను. ఇంత కీర్తి గడించినవాడు రాత్రులు నిద్రపట్టక, గుండ్లు నింపిన పిస్తోలు తలగడక్రింద నుంచుకొని పడుకొనెడివాడు. నిద్రమాత్రలకు బానిసయై, ఒక వసతిగృహమున తలుపులు బిగించుకొని కూర్చుండి తనంత తానే ఆ అలవాటును వదిలించుకొనెను. వీరుడని లోకము పొగడుచుండగా తన రోగమును బాహాటముగా చెప్పుకొని, కొరియా, వియత్నాము యుద్ధములనుండి వచ్చువారికి చికిత్స చేయింపుడని అడిగిన ధైర్యము మాకు ఫ్రాన్సులో చూపిన ధైర్యముకంటె తక్కువదిగా తోచదు. 1971 మే 28న చిన్న విమానమొకటి మంచులో దారితప్పి ఈ కొండకు కొట్టుకొని కూలగా అందు మరణించెను. ఆ ప్రాంతపు మాజీ సైనికుల సంఘమువారు 1974లో ఈ రాతిని నిలిపిరి. దారిన పోవు సైనికులు తమ పతకములను, మెడలో ధరించు పేరుబిళ్లలను, నాణెములను, ఒక్కొక్కప్పుడు అరిగిన బూట్లను ఇచ్చట వదలిపోవుదురు.

మేము చేరునప్పటికి డెబ్బదియైదేండ్లు పైబడిన వృద్ధుడొకడు బూట్లు విప్పి పాదములకు గాలి తగులనిచ్చుచు కూర్చుండియుండెను. ఈ బాటపై నడచువారు కన్నవారు పెట్టిన పేరును విడచి, తోటివారు పెట్టిన మారుపేరుతో తిరుగుట ఆచారము. సన్న్యాసము పుచ్చుకొన్నవాని పూర్వాశ్రమ నామము నడుగనట్లే ఇచ్చటను ఎవరి అసలుపేరును ఎవరడుగరు. మేమును అడుగలేదు. ఏటేట నూరు నూటయేబది మైళ్ల చొప్పున నడచుచు పదునాలుగేండ్లుగా ఈ బాటను పూర్తిచేయుచున్నాడట. వియత్నాములో 1969వ సంవత్సరమంతయు గడపెనట. ఆ యుద్ధమున ఒక్కొక్క సైనికునికి ఏడాది గడువు. గడువు తీరినవానిని తీరినట్లే ఒంటిగా విమానమెక్కించి పంపెడివారు. అడవిలో చివరి తుపాకిదెబ్బ విన్న రెండవనాటి సాయంకాలమునకు ఈతడు తల్లి వంటింటిలో బల్లవద్ద కూర్చుండెను. తల్లి వడ్డించుచుండెను. తలుపునకు వీపు పెట్టి కూర్చుండలేక లేచి గోడకు చేరగిలబడితినని చెప్పి, ఆతడు చిన్నగా నవ్వెను.

తండ్రులనాటి యుద్ధము వేరట. 1945లో ముగిసిన యుద్ధమునుండి సైనికులు ఓడలమీద వారములకొలది సముద్రమున వచ్చిరి. పడవతట్టున కూర్చుండి, చచ్చినవారిని తలచుకొని, పేకాడి, ఏడ్చి, ఒకరినొకరు తిట్టుకొని, తీరము చేరునప్పటికి కొంతవరకు మనుష్యులైరి. (ఆ ఓడలలో వచ్చిన షాఫరే అంతటితో చాలక మరల నడువవలసివచ్చెనుగదా యని మేమంటిమి. ఓడ చాలనివానికి విమానమేమి చాలునని యాతడు బదులు చెప్పెను.)

ఆ మాట వినగానే మాకు మన పల్లెల పాత ఆచారమొకటి జ్ఞప్తికి వచ్చెను. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యని పెద్దలనెడివారు. అట్టి కాశినుండి తిరిగివచ్చినవానికి ఊరివారు పొలిమేరవరకు మేళతాళములతో ఎదురేగెడివారు. ఆతడు గంగచెంబునకు పూజచేసి, సమారాధన జరిపి, బంధువులకు కాశీదారములు పంచిపెట్టిన పిదపగాని ఇంటిపనులలో నిలదొక్కుకొన్నట్లు కాదు. పోయినవాడు ఒకడు, వచ్చినవాడు మరియొకడు అని ఎరిగి, ఆ వచ్చినవానిని మరల చేర్చుకొనుటకు ఊరు చేసికొన్న యేర్పాటది. చంపుటకును చచ్చుటకును పంపబడినవానికి ఈపాటి యేర్పాటైనను చేయరాదా? కురుక్షేత్రము పదునెనిమిది నాళ్లలో ముగిసెను. పిదప గెలిచిన ధర్మరాజే, నాకీ రాజ్యము వలదు, అడవికి పోయెదనని పట్టుబట్టెను. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఎందరు చెప్పినను ఆతని మనస్సు నిలువలేదు. అంపశయ్యపై నున్న తాతవద్ద కూర్చుండబెట్టి వినిపింపవలసి వచ్చెను. వ్యాసుడు శాంతిపర్వమునంత పెద్దదిగా చేయుటకు కారణము ధర్మశాస్త్రములేనని మేమిదివర కనుకొనెడివారము. అంతకుమించి మరియొక కారణమును గలదని ఆ కొండపై తోచెను.

ఆ రాత్రి బస పికిల్ బ్రాంచి చావడిలో. వృద్ధునితోడనే దిగితిమి. అచ్చట మరియిద్దరు మాజీ సైనికులుండిరి. ఒకతె నలుబదికి చేరువగానున్న స్త్రీ. ఇరాకులో 2007లో సరకుల లారీలు నడిపినది. అక్కడ రోడ్డువారనున్న చెత్తసంచి, చచ్చిన కుక్క, కొత్తగా త్రవ్విన మట్టి, ఏదియైనను మందుపాతర కావచ్చును. ఇంటికి వచ్చిన పదేండ్లవరకు, దుకాణమునకు కారులో పోవునపుడు దారిలో అట్టపెట్టె కనబడిన ప్రక్క వరుసలోనికి దుముకుచుంటినని యామె చెప్పెను. వెనుక పిల్లలున్నప్పుడును అట్లే చేయుటచే తానిక కారు నడుపుట మానెనట. ఈ బాటలోనును ఆమె చూపు నేలనుండి లేవదు. అయితే ఇచ్చట నేల చూచుటకు కారణము గలదు: వేళ్లు, జారు రాళ్లు, అప్పుడప్పుడు కట్లపామువలె చారలుగల విషసర్పములు. నేల చూడనివాడు ఇచ్చట పడిపోవును. ఇంటిదగ్గర రోగమనబడిన అలవాటు ఇచ్చట తెలివియైనదని ఆమె చెప్పిన మాట మాకు ఎన్నియో వైద్యగ్రంథములకంటె విలువగలదిగా కనబడెను.

ఆలోచించినకొలది ఆ మాటలో నిజము హెచ్చుగా కనబడుచున్నది. బరువు మోయుట, పాదములను కాపాడుకొనుట, నీరు శుభ్రపరచుకొనుట, తిండి లెక్కించుకొనుట, వానలో నిద్రించుట, తెల్లవారకముందే కదలుట, ఇవన్నియు సైన్యము నేర్పిన విద్యలు. పట్టణమున ఇవి ఎందుకును కొఱగావు. కొండబాటపై ఇవియే కావలసినవి. శత్రువు మాత్రము లేడు. నేర్చినది పారవేయకుండ అందులోని విషమును మాత్రము తీసివేయుటకు ఇంతకంటె సులభోపాయము మాకు తోచదు.

మూడవవాడు ఆఫ్గనిస్తానమునకు రెండుసార్లు పోయివచ్చినవాడు. పగలెల్ల మాటకారి, పొయ్యి వెలిగించి అందరికిని కాఫీ కాచెను. చీకటిపడగానే మూట తీసికొని, చావడికి రెండువందల అడుగులు ఎగువగా, వెనుక బండరాయి ఉండునట్లు చూచుకొని గుడారము వేసికొనెను. ఇంతదూరము నడచియు ఒక్క రాత్రియైనను చావడిలో పరులమధ్య పడుకొనలేదట. ఎవరును వానిని పిలువలేదు, ఎవరును వింతగా చూడలేదు.

అర్ధరాత్రమున ఉరుముల వాన వచ్చెను. కొండలలో ఉరుము ఒక్కచోట పుట్టి నాలుగుచోట్ల పలుకును. ఆ స్త్రీ లేచి కూర్చుండెను. మోకాళ్లచుట్టు చేతులు చుట్టుకొనెను. వృద్ధుడు పడుకొనియే, మెరుపు మెరసినది మొదలు బిగ్గరగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్ట నారంభించెను. ఉరుము వచ్చువరకు లెక్క. అయిదుకు ఒక మైలు. కొంతసేపటికి ఆమెయును గొంతు కలిపెను. లెక్క పది దాటునప్పటికి వాన దూరమైపోయెను. ఇంతలో రెండువందల అడుగుల పైనుండి, గుడారములోనుండి, పన్నెండు అని ఒక కేక వినబడెను. అందరము నవ్వితిమి.

మరునాడు రాతికొమ్ము ఎక్కుచుండగా వృద్ధుడు మాకు ముందును, మేమాతని వెనుకను నడచుచుంటిమి. బాట ఒక్కరికే చాలును. ప్రక్కప్రక్కన నడచుటకు వీలులేదు. ఆతడు వెనుదిరుగకయే, 1969లో ఒక వాగువద్ద జరిగినదానిని చెప్పెను. దానిని మేమిచ్చట వ్రాయము. అది ఆతని సొత్తు. భార్యకు చెప్పలేదట, విడాకులు పొందిన పిదపను చెప్పలేదట, తపాలా కచ్చేరీలో ముప్పది యేండ్లు ప్రక్కబల్లవద్ద పనిచేసిన స్నేహితునికిని చెప్పలేదట. ఎదుటివాని ముఖము కనబడనిచోట మాత్రమే ఇది నోటివెంట వచ్చునని యాతడనెను. వైద్యులు ఎదురెదురుగా కుర్చీలు వేయుదురు. అక్కడే వచ్చినది చిక్కు.

ఈ కొండబాటను సైనికుల చికిత్సకని యేర్పాటుగా వాడుకొనినవాడు షాన్ గోబిన్ అను నౌకాదళపు పదాతి కెప్టెను. ఇరాకునందును ఆఫ్గనిస్తానమునందును పనిచేసి, 2012లో ఉద్యోగము వదలి ఈ బాట నడచెను. గాయపడినవారికి చందాలు పోగుచేయుటకని బయలుదేరినవాడు, తన లోపలి అలజడియు తగ్గుట గమనించి, 2013నుండి ఏటేట కొందరు మాజీ సైనికులకు సామగ్రియు దారిఖర్చును ఇచ్చి పంపు సంస్థను నెలకొల్పెను. దారిలోని ఊళ్లలో పాతయుద్ధముల సైనికులు వీరికి భోజనము పెట్టి, పడక యిత్తురు. మాతో నడచిన స్త్రీ అట్టి విందులను గూర్చి పదేపదే చెప్పెను. తమను ఊరివారు ముఖము చూచి పలుకరింపని కాలమును భరించిన వియత్నాము సైనికులే, కొత్తవారికి అట్లు కాకుండుటకై, స్వహస్తములతో రొట్టెలు కాల్చి పెట్టుచున్నారట.

అయినను ఈ నడక సర్వరోగనివారిణి యని మేము చెప్పబోము. షాఫరే 1965లో ఎదురుదిక్కునుండి మరియొకసారి, 1998లో ఎనుబదేండ్లు నిండుటకు కొన్ని వారములే తక్కువగా నున్నపుడు మూడవసారి ఈ బాటను పూర్తిచేసెను. మొదటి నడకతో వదలవలసినది వదలెనో లేదో ఆతనికే యెరుక. ఐదారు నెలలు సంపాదన మానుకొని, పిల్లలనొకరికి అప్పగించి పోగలవారు కొందరే. అమెరికా ప్రభుత్వపు లెక్కలనుబట్టియే 2022వ సంవత్సరములో 6,407గురు మాజీ సైనికులు ఆత్మహత్య చేసికొనిరి. దినమునకు పదునేడుగురకంటె హెచ్చు. ఇరువదేండ్లు రెండు దేశములలో యుద్ధము నడుపుటకు లక్షలకోట్ల ధనము దొరకిన ప్రభుత్వము, తిరిగివచ్చినవానిని మనిషిని చేయు పనిని కొండకును, ధర్మదాతల చందాలకును వదలుట మెచ్చదగినది కాదు. 1973లో నిర్బంధ సైనికసేవ రద్దయిన పిదప అచ్చట సైన్యములో చేరువారు జనములో నూటికొక్కరు కూడ లేరు. అందుచే తక్కినవారికి యుద్ధమనగా వార్త. బాటమీద కలిసిన పౌరులు, మీ సేవకు కృతజ్ఞతలని చెప్పి సాగిపోవుదురు. ఆ మాటకు ఏమి బదులు చెప్పవలెనో తనకు ఏబది యేండ్లుగా తెలియలేదని వృద్ధుడనెను. ఏ ఊరివారని, మోకాళ్లెట్లున్నవని, నీళ్లు చాలునా యని అడుగువారే తనకిష్టులట.

మీ దేశపు సైనికులు ఎట్లు ఇల్లు చేరుదురని ఆతడు మమ్ముల నడిగెను. తాడేపల్లిగూడెము దాపున మాధవరమను గ్రామము గలదనియు, ఇంటింటినుండి సైన్యమునకు పోవుటచే దానిని మిలిటరీ మాధవరమనియే పిలుతురనియు, అచ్చట అమరులకు స్తంభము గలదనియు చెప్పితిమి. రైలులో దిగుదురు; తల్లి దిష్టి తీయును; చుట్టములు వత్తురు; కొన్నాళ్లకు పింఛను. పింఛను చాలనివారు బ్యాంకులవద్ద కాపలాకు చేరుదురు. అనగా మరల తుపాకియే ఇత్తురా యని యాతడడిగెను. అవునంటిమి. ఆతడు కొంతదూరము మాటలాడక నడచి, ఆ స్తంభమువద్ద ఎవరైన కూర్చుందురా యని అడిగెను. సాయంకాలము ముసలివారు కూర్చుందురని మేము చెప్పలేకపోతిమి, చూచి చెప్పెదమంటిమి.

మెకాఫీ నాబ్ బండపై విడిపోయితిమి. ఆ సెలవుదినమున అచ్చట మన తెలుగు కుర్రవారు పదిమంది పులిహోర పొట్లములు విప్పుకొని కూర్చుండిరి, సైనికులకును పెట్టిరి. ఆఫ్గనిస్తానపు మనిషి రెండవమారు అడిగి పెట్టించుకొనెను.

తిరుగు ప్రయాణములో మా బంధువులు మోటారులో మేరీలాండునందలి గాథ్‌లాండ్ అను చోటికి తీసికొనిపోయిరి. అంతర్యుద్ధమున 1862 సెప్టెంబరులో పోరాటము జరిగిన కొండకనుమ అది. అచ్చట, ఈ బాట ప్రక్కనే, ఏబది అడుగుల ఎత్తున రాతితోరణమొకటి నిలిచియున్నది. జార్జి ఆల్ఫ్రెడ్ టౌన్సెండ్ అను పత్రికావిలేఖరి, యుద్ధవార్తలు వ్రాసిన తోటి విలేఖరుల స్మరణకై 1896లో కట్టించినది. మా వృత్తివారికి ఇంత గొప్ప కట్టడము మరియొకచోట మేము చూడలేదు. చదువుటకు కొన్ని నిమిషములు పట్టునన్ని పేర్లు దానిపై చెక్కబడియున్నవి. యుద్ధము జరుగునంతకాలము వ్రాసినవారు వారు. ముగిసిన పిదప పత్రికలు వేరువార్తలకు మరలినవి.

తెల్లగీతలు ఆ తోరణము ప్రక్కనుండియే ఉత్తరమునకు సాగిపోవుచున్నవి. మేము రోనోక్ ప్రాంతము వదలి నాలుగైదు గంటలే అయినది. లారీలు నడిపిన ఆ స్త్రీ అచ్చటికి చేరుటకు ఇంకను మూడునాలుగు వారములు పట్టును.